ఎలక్ట్రాన్ ఒక బహువ్రీహి

ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం విద్యార్థులకు భౌతికశాస్త్రం చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో, వికిరణ ద్రవ్యాల ద్వంద్వ స్వభావం అనే అధ్యాయాన్ని నేను మూడు పీరియడ్లలో ముగించేవాడిని. కాంతి విద్యుత్ ఫలితానికి రెండు పీరియడ్లు, ద్రవ్య తరంగాలకు ఒకటి. "లామ్డా ఈక్వల్స్ హెచ్ బై పీ" అని తరగతి మొత్తం ఒక్క గొంతుతో అనేది, బోర్డు మీద రెండు లెక్కలు జరిగేవి, గంట మోగేది. అలాంటి ఒక పీరియడ్ చివర ఒక అమ్మాయి లేచి, "సార్, తరంగంలా ఎప్పుడు ఉండాలో, కణంలా ఎప్పుడు ఉండాలో ఎలక్ట్రాన్‌కి ఎలా తెలుస్తుంది సార్?" అని అడిగింది. "మనం చేసే ప్రయోగాన్ని బట్టి ఉంటుందమ్మా" అన్నాను. తల ఊపి కూర్చుంది గానీ, సందేహం తీరిన వెలుగు ఆమె ముఖంలో కనిపించలేదు. ఆ రోజు నేను చెప్పింది చాలా పుస్తకాలలో ఉన్న జవాబే. అయినా అది తప్పు జవాబని, విద్యార్థికి దారి చూపవలసిన చోట దారి మూసివేసే జవాబని ఇప్పుడు నా నిశ్చితాభిప్రాయం.

తప్పుకు మూలం "ద్వంద్వ" అనే మాటలోనే ఉందని నాకు అనిపిస్తుంది. మన పిల్లలు హైస్కూలు తెలుగులోనే సమాసాలు చదువుకుని వస్తారు. ద్వంద్వ సమాసం ఉభయపదార్థ ప్రధానమని వాళ్లకు కంఠతా వచ్చు. రామలక్ష్మణులు అంటే రాముడూ ఉన్నాడు, లక్ష్మణుడూ ఉన్నాడు, ఇద్దరికీ సమాన ప్రాధాన్యం. ఆ సంస్కారంతో వచ్చిన విద్యార్థి "తరంగ కణ ద్వంద్వ స్వభావం" అని చదివినప్పుడు, ఎలక్ట్రాన్‌లో ఒక తరంగమూ ఒక కణమూ పక్కపక్కన ఉన్నాయనో, అవి వంతులవారీగా బయటికి వస్తాయనో ఊహించుకోవడం సహజం. కానీ అదే వ్యాకరణంలో బహువ్రీహి కూడా ఉంది. అది అన్యపదార్థ ప్రధానం. చక్రపాణి అన్నప్పుడు మనం మాట్లాడేది చక్రం గురించీ కాదు, చేతి గురించీ కాదు. ఆ రెండు పదాల ద్వారా గుర్తుపట్టే విష్ణువు గురించి. తరంగం, కణం అనే రెండు పదాలతో మనం సూచిస్తున్నది ఆ రెండింటిలో ఏదీ కాని మూడో వస్తువును. చెరువు నీటిలో అలను చూసి తరంగమనే మాట, ఇసుక రేణువును చూసి కణమనే మాట మనం నేర్చుకున్నాం. ఆ రెండు మాటలూ పుట్టిన లోకంలో ఎలక్ట్రాన్ లేదు.

ఇది మాటల మీద పట్టింపు మాత్రమే అని ఎవరైనా అనవచ్చు. అలా కాదని చెప్పడానికి ప్రయోగాల దగ్గరికి వెళ్లాలి.

1924లో పారిస్‌లో లూయీ డీబ్రోయ్ సమర్పించిన సిద్ధాంత వ్యాసంలో ద్రవ్యానికి తరంగదైర్ఘ్యం ఉంటుందన్న ప్రతిపాదన ఉంది: ప్లాంక్ స్థిరాంకాన్ని ద్రవ్యవేగంతో (ద్రవ్యరాశి, వేగాల లబ్ధంతో) భాగిస్తే ఆ తరంగదైర్ఘ్యం వస్తుంది. పరీక్షకులలో ఒకరైన జాన్ పెరాన్, ఈ తరంగాలను ప్రయోగంలో చూడగలమా అని అడిగినప్పుడు, స్ఫటికం మీద ఎలక్ట్రాన్లను పంపితే వివర్తనం కనబడాలి అని డీబ్రోయ్ జవాబిచ్చాడు. ఈ జవాబును విద్యార్థికి అర్థమయ్యేలా చెప్పడానికి నేను ఒక పలచటి నేత గుడ్డ తెమ్మంటాను. రాత్రిపూట దూరంగా ఉన్న వీధిదీపాన్ని ఆ గుడ్డను కంటికి దగ్గరగా పెట్టుకుని చూస్తే, ఒక్క దీపం చుట్టూ అడ్డంగానూ నిలువుగానూ వరుసలు తీరిన వెలుగు చుక్కలు కనిపిస్తాయి. పడుగు పేకల మధ్య సందుల గుండా వచ్చిన కాంతి కొన్ని దిశలలో ఒకదానికొకటి తోడై, మిగిలిన దిశలలో ఒకదాన్నొకటి రద్దు చేసుకోవడం వల్ల ఏర్పడే వివర్తన బొమ్మ అది. నేత ఎంత దగ్గరగా ఉంటే చుక్కలు అంత ఎడంగా పడతాయి. స్ఫటికంలో పరమాణువుల వరుసలు కూడా ఇలాంటి నేతే. కాకపోతే అక్కడ సందు గుడ్డలోని సందుకన్నా దాదాపు పది లక్షల రెట్లు సన్నం. కాంతికి అది పనికిరాదు, ఎలక్ట్రాన్‌కు సరిగ్గా సరిపోతుంది.

అమెరికాలో బెల్ ప్రయోగశాలకు చెందిన క్లింటన్ డేవిసన్, లెస్టర్ జెర్మర్ ఈ తరంగాలను వెతుకుతూ పని మొదలుపెట్టలేదు. నికెల్ మీద ఎలక్ట్రాన్లు పడి ఎలా చెదురుతాయో చూస్తున్నారు. 1925లో ఒక ద్రవవాయువు సీసా పేలి, శూన్యనాళం పగిలి, వేడిగా ఉన్న నికెల్ గాలి తగిలి ఆక్సైడు పట్టింది. దాన్ని శుభ్రం చేయడానికి చాలాసేపు బాగా కాల్చారు. ఆ కాల్పుతో, అంతవరకు అసంఖ్యాకమైన చిన్న స్ఫటికాల ముద్దగా ఉన్న లోహం కొద్దిపాటి పెద్ద స్ఫటికాలుగా మారింది, ఫలితాలూ మారిపోయాయి. మరుసటి సంవత్సరం ఆక్స్‌ఫర్డ్‌లో జరిగిన శాస్త్రవేత్తల సమావేశంలో, తాను లోగడ ప్రచురించిన కొలతలను మాక్స్ బోర్న్ డీబ్రోయ్ తరంగాలకు సూచనగా ప్రస్తావించడం డేవిసన్ విన్నాడు. ఆ తరువాత ఏకస్ఫటికంతో, ఏం వెతుకుతున్నారో తెలిసి చేసిన ప్రయోగం 1927లో ఫలించింది.

ఆ ప్రయోగంలోని ఒక్క కొలతను నేను తరగతిలో ఎప్పుడూ నెమ్మదిగా చెబుతాను. ఎలక్ట్రాన్లను 54 వోల్టులతో త్వరణం చెందించినప్పుడు, 50 డిగ్రీల కోణంలో చెదిరిన ఎలక్ట్రాన్ల సంఖ్య ఉన్నట్టుండి పెరిగింది. వోల్టేజిని 44 నుంచి 68 దాకా మారుస్తూ పోతే ఈ శిఖరం మెల్లగా లేచి, 54 దగ్గర ఉచ్చస్థితికి చేరి, మళ్లీ అణగిపోయింది. గోలీలను గోడకు విసిరితే, విసురు కొద్దిగా పెంచినంత మాత్రాన ఒకానొక కోణంలోకి గుంపుగా పోవడం, మరి కొద్దిగా పెంచగానే ఆ గుంపు చెదిరిపోవడం జరగదు. నికెల్ ఉపరితలం మీద పరమాణు వరుసల మధ్య దూరం 0.215 నానోమీటర్లు. దాన్ని 50 డిగ్రీల సైన్ విలువతో గుణిస్తే 0.165 నానోమీటర్లు వస్తుంది. డీబ్రోయ్ సూత్రం ప్రకారం 54 వోల్టుల ఎలక్ట్రాన్ తరంగదైర్ఘ్యం 0.167. ఒకటి లోహం మీద స్కేలు పెట్టి కొలిచినట్టు వచ్చిన సంఖ్య, మరొకటి కాగితం మీద భాగహారంతో వచ్చిన సంఖ్య. ఈ రెండూ కలిసిన చోట విద్యార్థి ఒక నిమిషం ఆగాలని నా కోరిక. ఆగకుండా సూత్రాన్ని అప్పజెప్పే విద్యార్థికి ఏం దక్కకుండా పోయిందో అతనికి ఎప్పటికీ తెలియదు.

పాఠ్యపుస్తకాలు చెప్పని ఒక సంగతి కూడా ఇక్కడ ఉంది. డేవిసన్, జెర్మర్ కొలిచిన శిఖరాలలో చాలా మటుకు ఎక్స్‌కిరణాల లెక్క ప్రకారం ఉండవలసిన చోట లేవు. స్ఫటికంలోకి ప్రవేశించినప్పుడు ఎలక్ట్రాన్ వేగం పెరిగి, దాని తరంగదైర్ఘ్యం తగ్గుతుంది కాబట్టి, నీటిలోకి దిగిన కాంతికి వక్రీభవనం ఉన్నట్టే దీనికీ ఉంటుందని ఆ తరువాత తేలింది. అంటే లెక్క తప్పిన చోట కూడా తప్పింది తరంగపు పద్ధతిలోనే. నాకు ఇది ఆ 54 వోల్టుల శిఖరంకన్నా గట్టి సాక్ష్యంగా తోస్తుంది.

అదే 1927లో స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో జి.పి. థామ్సన్, తన శిష్యుడు అలెగ్జాండర్ రీడ్‌తో కలిసి, పలచటి పొరల గుండా వేగవంతమైన ఎలక్ట్రాన్లను పంపి ఫొటో పలక మీద వలయాలు చూశాడు. తండ్రి జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్ కణమని నిరూపించి 1906లో నోబెల్ బహుమతి పొందితే, కొడుకు అది తరంగమని నిరూపించి 1937లో డేవిసన్‌తో కలిసి పొందాడని ప్రతి పుస్తకమూ ఇష్టంగా చెబుతుంది. వినడానికి బాగున్న ఈ కథ మళ్లీ మనల్ని ద్వంద్వ సమాసంలోకే దించుతుంది. కథలో రాని ముఖ్యమైన వివరం ఒకటుంది. ఈ వలయాలు ఎక్స్‌కిరణాల వల్ల వచ్చినవి కావని తేల్చుకోవడానికి జి.పి. థామ్సన్ అయస్కాంత క్షేత్రం ప్రయోగించాడు. వలయాల బొమ్మ మొత్తం పక్కకు జరిగింది. 1897లో తండ్రి ఏ కిరణాలను అయస్కాంతంతో వంచి, వాటిలో ఉన్నవి ఆవేశం గల కణాలని నిర్ణయించాడో, ఆ వంపే ఇక్కడ వలయాలకూ వచ్చింది. ఒకే పలక మీద, ఒకే క్షణంలో, ఆవేశమూ ఉంది, వివర్తనమూ ఉంది. ఎలక్ట్రాన్ వేషం మార్చుకున్న దాఖలా ఎక్కడా లేదు.

ఇక అన్నింటికన్నా స్పష్టమైన ప్రయోగం 1989లో జపాన్‌లో హిటాచీ ప్రయోగశాలలో అకిరా తొనొమురా బృందం చేసినది. తెరను చేరడానికి రెండు దారులున్న పరికరంలోకి ఎలక్ట్రాన్లను ఎంత పలచగా పంపారంటే, అందులో ఒకసారికి సగటున ఒక ఎలక్ట్రాన్ కూడా ఉండదు. ప్రతి ఎలక్ట్రాన్ తెర మీద ఒక్క చుక్కగా పడింది. సగం చుక్క, పావు చుక్క ఎప్పుడూ పడలేదు. మొదటి పది, ఇరవై చుక్కలు ముగ్గు వేయబోయి వదిలేసిన పిండిలా చెల్లాచెదురుగా ఉంటాయి. వేల సంఖ్యలో పోగయ్యేసరికి వెలుగు చారలు, చీకటి చారలు వరుసగా తేరుతాయి. ఒక ఎలక్ట్రాన్ మరొకదానితో కలిసి ఈ చారలు చేయలేదు, ఎందుకంటే దాని వెంట మరొకటి లేదు.

ఇక్కడ విద్యార్థి పట్టుకోవలసిన విషయం నిజానికి ఒక్కటే. ఒక దారి మాత్రమే తెరిచి ఉంచినప్పుడు ఎలక్ట్రాన్లు వచ్చి పడే కొన్ని చోట్లకు, రెండో దారి కూడా తెరవగానే అవి రావడం మానేస్తాయి. సినిమా హాలుకు రెండో తలుపు తెరిస్తే లోపల ఏదో ఒక కుర్చీకి మనుషులు అసలే చేరకపోవడం ఎలా ఉంటుందో ఊహించండి. మామూలు సంభావ్యతలు ధన సంఖ్యలు. వాటిని కూడితే పెరుగుతాయే గానీ తరగవు. కాబట్టి ఇక్కడ కూడుతున్నవి సంభావ్యతలు కావు. ఒక్కొక్క దారికి ఒక్కొక్క కంపనపరిమితి ఉంటుంది; దానికి పరిమాణంతో పాటు దశ కూడా ఉంటుంది, అందుకే ఒకటి మరొకదాన్ని రద్దు చేయగలదు; ముందుగా కంపనపరిమితులను కూడి, ఆ మొత్తానికి వర్గం తీసుకుంటే సంభావ్యత వస్తుంది. 1926లో బోర్న్ చెప్పిన అర్థం ఇదే. ద్రవ్యపు తరంగ స్వభావం అంటే నా దృష్టిలో ఈ కూడిక నియమమే, ఇంతకు మించి బొమ్మ ఏదీ కాదు. ఎలక్ట్రాన్ పాములా మెలికలు తిరుగుతూ పోదు, నీటి అలలా గది నిండా పరుచుకుని తెర తగలగానే ముడుచుకునే పదార్థమూ కాదు. రెండు ఎలక్ట్రాన్లున్న హీలియం పరమాణువుకు తరంగ సమీకరణం రాస్తే, ఆ తరంగానికి మూడు కాక ఆరు నిరూపకాలు కావలసి వస్తాయి. ఆరు నిరూపకాలు కావలసిన అలను మనం కూర్చున్న గదిలో ఎక్కడా చూపించలేము.

దీనికి బలమైన ఆక్షేపణ ఒకటుంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. 1927లో నీల్స్ బోర్ ప్రతిపాదించిన పూరకత్వ సూత్రం ప్రకారం, దారి తెలిపే ప్రయోగ అమరికా, చారలు చూపే అమరికా ఒకదానికొకటి పొసగవు; కాబట్టి "ప్రయోగాన్ని బట్టి ఉంటుంది" అన్న నా పాత జవాబు బోర్ మాటే కదా అని ఒక సీనియర్ అధ్యాపకుడు నాతో వాదించారు. బోర్ చెప్పింది ఏ అమరికలో ఏ ప్రశ్న అడగవచ్చో. ఎలక్ట్రాన్ అమరికను చూసి రూపం మార్చుకుంటుందని కాదు. పైగా ఈ రెండు అమరికల మధ్య గోడ ఏమీ లేదు. దారి కొంతవరకే తెలిసేలా పరికరాన్ని అమర్చితే చారలు మాయం కావు, ఆ మేరకు మసకబారుతాయి. దారి ఎంత స్పష్టంగా తెలుసో ఆ సంఖ్య వర్గాన్నీ, చారలు ఎంత స్పష్టంగా ఉన్నాయో ఆ సంఖ్య వర్గాన్నీ కలిపితే మొత్తం 1కి మించదని 1996లో ఎంగ్లర్ట్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు చూపించాడు. పావు వంతు కణం, ముప్పావు వంతు తరంగం అనే వస్తువు ఉందని ఎవరూ అనరు గదా. అటు నుంచి ఇటు దాకా అన్ని మెట్లలోనూ ఒకే కూడిక నియమం పనిచేస్తోంది, వస్తువు కూడా ఒకటే.

నన్ను ఇంతకన్నా బాధపెట్టేది క్రికెట్ బంతి లెక్క. 160 గ్రాముల బంతి సెకనుకు 40 మీటర్ల వేగంతో పోతుంటే దాని తరంగదైర్ఘ్యం ఎంత? దశాంశ బిందువు తరువాత 33 సున్నాలు పెట్టి, ఆపైన 1 వేసినంత మీటరు. ప్రోటాన్‌కన్నా లక్ష కోట్ల కోట్ల రెట్లు చిన్నది. "కావున బంతికి తరంగ స్వభావం కనిపించదు" అని రాసి మార్కులు తీసుకుంటాం. లెక్క సరైనదే, కానీ విద్యార్థి మనసులో మిగిలే భావన సరైనది కాదు. తరంగ స్వభావమంటే సూక్ష్మలోకంలో ఎక్కడో జరిగే వింత, మన బతుకుతో దానికి పని లేదు అనే భావన మిగులుతుంది. తరంగదైర్ఘ్యం వస్తువుకన్నా చిన్నదవడం ఒక్కటే కారణమైతే, 1999లో వియన్నాలో 60 కార్బన్ పరమాణువుల ఫుల్లరీన్ అణువులకు వ్యతికరణం, అంటే ఈ చారలు, కనబడకూడదు. అక్కడ తరంగదైర్ఘ్యం అణువు వ్యాసంకన్నా కొన్ని వందల రెట్లు చిన్నది. కనబడింది. 2019 నాటికి అక్కడే దాదాపు 2,000 పరమాణువులున్న అణువులకు కూడా కనబడింది. 2004లో ఆ ప్రయోగశాలవారే 70 కార్బన్ పరమాణువుల అణువులను లేజరుతో వేడిచేసి చూస్తే, వేడి పెరిగే కొద్దీ చారలు చెరిగిపోయాయి. కాలిన అణువు దారిలో వెలువరించిన వేడి కాంతి, అణువు ఏ దారిన పోయిందన్న సమాచారాన్ని బయటికి మోసుకుపోతుంది. సమాచారం బయటపడిన మేరకు చారలు పోతాయి. మైదానంలోని బంతి మీద క్షణక్షణానికి లెక్కలేనన్ని గాలి అణువులు ఢీకొంటాయి, బంతి తన వేడిని తాను వెదజల్లుతూనే ఉంటుంది. అది ఎక్కడుందో చుట్టూ ఉన్న లోకమంతటికీ తెలిసిపోతూనే ఉంటుంది. తరంగదైర్ఘ్యపు చిన్నదనంతో పాటు ఈ కారణం కూడా చెబితేనే జవాబు పూర్తవుతుంది.

నిజానికి బంతి పగలకుండా, చేతిలో ఒదిగిపోకుండా బంతిలా నిలబడి ఉండడమే తరంగ స్వభావపు ఫలితం. ధనావేశం గల కేంద్రకం రుణావేశం గల ఎలక్ట్రాన్‌ను లాగుతుంటే, ఎలక్ట్రాన్ పోయి కేంద్రకం మీద ఎందుకు పడదు? తరంగాన్ని ఇరుకు చోట బంధిస్తే తరంగదైర్ఘ్యం తగ్గాలి, ద్రవ్యవేగం పెరగాలి, గతిజశక్తి పెరగాలి. ఎలక్ట్రాన్‌ను కేంద్రకమంత, అంటే మీటరులో కోటి కోట్ల వంతుకన్నా పదింతలు చిన్న చోట కుదించాలంటే ఇంచుమించు 20 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. అంత దూరంలో ప్రోటాన్ ఆకర్షణ ఇవ్వగలిగేది దాదాపు 14 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు మాత్రమే. బేరం కుదరదు. ఆకర్షణ లోపలికి లాగడం, ఇరుకు బయటికి నెట్టడం సమానమయ్యే చోట ఎలక్ట్రాన్ నిలుస్తుంది. హైడ్రోజన్‌కు ఆ దూరం 0.053 నానోమీటర్లు, బంధన శక్తి 13.6 ఎలక్ట్రాన్ వోల్టులు. వృత్తాకార కక్ష్య మీద గీసిన మెలికల తరంగపు బొమ్మ అందరికీ గుర్తుంటుంది గానీ, హైడ్రోజన్ కనిష్ఠ స్థితికి అసలు కక్ష్యా కోణీయ ద్రవ్యవేగమే లేదు, చుట్టూ తిరిగే తరంగమూ లేదు. ఆ బొమ్మ చెరిపి ఈ బేరం చెప్పడం మేలు. ఘనపదార్థం గట్టిగా ఉండడానికి దీనికి తోడు పౌలీ వర్జన సూత్రం (రెండు ఎలక్ట్రాన్లు ఒకే స్థితిలో ఉండలేవన్న నియమం) కూడా కావాలి. అది మరో రోజు పాఠం. హీలియం అయితే ఈ స్వభావాన్ని గిన్నెలో పోసి చూపిస్తుంది. మామూలు పీడనంలో దాన్ని పరమ శూన్య ఉష్ణోగ్రత దగ్గరి దాకా చల్లార్చినా గడ్డకట్టదు. తేలికైన ఆ పరమాణువులను స్ఫటికంలో తమతమ చోట్ల బంధిస్తే అవి పుంజుకునే చలనశక్తి, వాటి మధ్య ఉన్న బలహీనమైన ఆకర్షణను ఓడిస్తుంది. గడ్డకట్టించాలంటే వాతావరణ పీడనానికి దాదాపు 25 రెట్లు నొక్కిపెట్టాలి.

2022లో ఎన్.సి.ఇ.ఆర్.టి. చేపట్టిన సిలబస్ కుదింపులో పన్నెండో తరగతి భౌతికశాస్త్రం నుంచి డేవిసన్, జెర్మర్ ప్రయోగాన్ని తీసివేశారు. డీబ్రోయ్ సూత్రం మాత్రం ఉంచారు. పిల్లల మీద భారం తగ్గించాలన్న ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. కానీ రుజువును తీసి ఫలితాన్ని ఉంచితే తగ్గేది భారం కాదు, నమ్మడానికి ఉన్న ఆధారం. సూత్రాన్ని తీసి ప్రయోగాన్ని ఉంచినా, 0.165 అనే సంఖ్య నుంచి విద్యార్థి సూత్రం వైపు నడవగలడు. సూత్రం ఒక్కటే చేతిలో ఉంటే, అది నిజమో కాదో తేల్చుకోవడం ఎవరి తరమూ కాదు. ఈఏపీసెట్‌లో ఈ అధ్యాయం నుంచి వచ్చేది కొద్దిపాటి మార్కులేనని, అందుకు సూత్రం చాలని చెప్పే తోటివారితో నేను విభేదించను, అంత మాత్రం నిజమే. అయితే ఆ సూత్రం మీద ఒక పీరియడ్ ఎటూ ఖర్చు చేస్తున్నాం. ఆ ఒక్క పీరియడ్‌నే వేరుగా వాడమని అడుగుతున్నాను.

నేనిప్పుడు వాడుతున్న తీరు ఇది. ముందురోజు గుడ్డ, వీధిదీపం ఇంటి పనిగా ఇస్తాను. తరగతిలో మొదట సూత్రం రాయను. బోర్డు మీద చుక్కలు పెడతాను, తొనొమురా తెర మీద పడినట్టు, ఒక్కొక్కటిగా, ముందు అడ్డదిడ్డంగా, తరువాత చారలు తేరేలా. రెండో దారి తెరిస్తే చుక్కలు పడడం మానేసే చోటును వేలితో చూపిస్తాను. ఆ తరువాత 54 వోల్టులు, 50 డిగ్రీలు. సూత్రం ఆఖరి పది నిమిషాలలో వస్తుంది, అప్పటికి అది ఎందుకు కావాలో వాళ్లకు తెలిసి ఉంటుంది. ఎప్పుడు తరంగమవుతుంది, ఎప్పుడు కణమవుతుంది అన్న ప్రశ్న ఇప్పుడు ఎవరూ అడగడం లేదు. కిందటేడు ఒక అబ్బాయి బోర్డు మీది మొదటి చుక్కను చూపించి, "మరి ఆ చుక్క అక్కడే ఎందుకు పడింది సార్?" అని అడిగాడు. క్వాంటం సిద్ధాంతం ఏ చోట ఎంత సంభావ్యతో చెబుతుందని, ఈ ఒక్క చుక్క ఇక్కడే ఎందుకన్నది చెప్పదని, అసలు చెప్పవలసిన అవసరం ఉందా లేదా అన్నదాని మీద భౌతికశాస్త్రజ్ఞులు నూరేళ్లుగా వాదించుకుంటున్నారని చెప్పాను. అతను సూత్రం కింద గీత గీసి, ఆ ప్రశ్నను తన నోటుపుస్తకంలో రాసుకున్నాడు.